పదహారు దాటితే నడ్వది

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఏ బ్యాచ్‌కైనా ఒకసారి తగిలే ప్రశ్న ఇది. ఒక పెద్ద మాట్రిక్స్ ఇస్తారు, నిండా సున్నాలూ ఒకట్లూ. అందులో వేర్వేరు రకాల వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒకే వరుస వందసార్లు వచ్చినా ఒకటిగానే లెక్క. వైవాలో "టైమ్ కాంప్లెక్సిటీ ఎంత?" అని అడుగుతారు, మనం చెప్తాం, రికార్డు మీద సంతకం పడుతుంది, అక్కడితో ఆ ప్రశ్న చచ్చిపోతుంది. దీనివల్ల ఎవరికి ఏం లాభం అని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్తేగానీ పూట గడవనివాళ్లు కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్నారు. వేములవాడ దాటితే సిరిసిల్ల. 2016 అక్టోబర్ దాకా అది కూడా కరీంనగర్ జిల్లానే, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. మా మేనమామ అక్కడ ఆసామి. అంటే యజమాని దగ్గర నూలు తెచ్చుకుని, తన షెడ్డులో సాంచాల మీద గుడ్డ నేయించి, మీటరుకింత అని కూలి తీసుకునే మనిషి. సాంచా అంటే పవర్‌లూమ్. బయటివాళ్లకు ఈ మాట కొత్త కావచ్చు, సిరిసిల్లలో మాత్రం పవర్‌లూమ్ అన్నవాణ్ణి వింతగా చూస్తారు.

సివిల్, మెకానికల్ మిత్రులు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ముందు ల్యాబ్ సంగతి ముగిస్తాను. అందరికీ మొదట తట్టే పద్ధతి ప్రతి వరుసనూ మిగతా అన్ని వరుసలతో పోల్చడం. లక్ష వరుసలుంటే దాదాపు 500 కోట్ల జతలవుతాయి. పది లక్షలుంటే 50,000 కోట్లు. టీ తాగొచ్చినా అవ్వదు. రెండోది, వరుసలన్నీ క్రమంలో పెట్టేయడం. ఒకేలాంటివి పక్కపక్కకు చేరతాయి, మారిన చోటల్లా ఒకటి కలుపుకుంటూ పోవచ్చు. నంపైలో యూనిక్ అనే ఫంక్షన్ చేసే పని ఇంతే. మూడోది ట్రై అనే చెట్టు. వేరు దగ్గర మొదలై, సున్నా వస్తే ఎడమకు, ఒకటి వస్తే కుడికి దిగుతుంటాం. దారి ఇంతకుముందే ఉంటే ఆ వరుస పాతది, కొత్త కొమ్మ వేయాల్సి వస్తే కొత్తది. ప్రతి గడినీ ఒక్కసారే చూస్తాం.

నాలుగోది అందరికీ ఇష్టమైనది, హాష్. వరుస మొత్తాన్ని ఒక అంకెగా మార్చి సెట్‌లో పడేయడం. వరుసలో 64 గడులే ఉంటే వాటిని సరాసరి ఒకే 64 బిట్ల సంఖ్యగా సర్దేయొచ్చు, అక్కడ ఏ అనుమానమూ లేదు. వరుస పొడవైతేనే చిక్కు. పొడవాటి వరుసను 32 బిట్ల హాష్‌గా కుదించారనుకోండి. లక్ష వేర్వేరు వరుసలుంటే సగటున ఒక జతకు పైగానే ఒకే హాష్ పంచుకుంటుంది. అంటే లెక్క ఒకటి తగ్గుతుంది. 64 బిట్లు తీసుకుంటే ఆ ప్రమాదం వంద కోట్లలో ఒక వంతు కన్నా తక్కువ. ల్యాబ్‌లో ఒకటి తగ్గితే టెస్ట్ కేస్ ఫెయిలవుతుంది, అంతే. సాంచ మీద ఒకటి తగ్గితే పొరపాటు ఫ్రేములో ఎక్కిన పోగు గుడ్డ పొడవునా గీతలా కనిపిస్తుంది, ఆ తాను ఎవరూ కొనరు.

ఇక గుడ్డ సంగతి. గుడ్డ అంటే నిలువు పోగులు, అడ్డ పోగులు. నిలువుది పడుగు, అడ్డది పేక. నాడె ఒకసారి అటు నుంచి ఇటు పోతే ఒక పేక పోగు పడుతుంది, దాన్ని కార్మికులు పిక్కు అంటారు. ప్రతి పిక్కు దగ్గరా ప్రతి పడుగు పోగూ పైకి లేచైనా ఉంటుంది, కిందైనా ఉంటుంది. లేస్తే ఒకటి, లేవకపోతే సున్నా. మూడోది లేదు. కాబట్టి మీ ఒంటి మీది చొక్కా ఒక బైనరీ మాట్రిక్స్. (ఇది ఉపమానం కాదు. భూతద్దం పెట్టి చూసుకోండి.)

ఎంత పెద్దదో ఒక అంచనా వేద్దాం. అయిదున్నర మీటర్ల చీర, 46 అంగుళాల వెడల్పు, అంగుళానికి అటూ ఇటూ అరవై పోగులు అనుకుంటే, పడుగు పోగులు 2,760, పిక్కులు దాదాపు 13,000. గడులు సుమారు 3 కోట్ల 59 లక్షలు. ఒక్కో గడి ఒక్కో బిట్ కాబట్టి నాలుగున్నర ఎంబీ. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోకంటే చిన్నది.

ఇప్పుడు ఒక్కో పడుగు పోగును మాట్రిక్స్‌లో ఒక్కో వరుసగా రాద్దాం, గ్రాఫ్ కాగితాన్ని పక్కకు తిప్పినట్టు. 2,760 పోగులనూ విడివిడిగా లేపే యంత్రం కట్టలేం కదా. అందుకని ఒకేలా లేచే పోగులన్నిటినీ ఒకే ఫ్రేముకు ఎక్కిస్తారు. ఫ్రేము అంటే చట్రం, దాని నిండా నిలువు తీగలు, ప్రతి తీగ నడుమ సూది బెజ్జం లాంటి కన్ను. ఆ కన్నులోంచి ఒక పోగు పోతుంది. ఫ్రేము లేస్తే అందులోని పోగులన్నీ లేస్తాయి. కాబట్టి ఒక డిజైన్ నేయడానికి కనీసం ఎన్ని ఫ్రేములు కావాలి? మాట్రిక్స్‌లో ఎన్ని రకాల వరుసలుంటే అన్ని. మన ల్యాబ్ ప్రశ్న ఇదే, ఒక్క అక్షరం మారలేదు.

సాదా గుడ్డకు రెండే రకాలు: 1010 ఒకటి, 0101 ఒకటి. జీన్స్ ప్యాంటు మీదలా ఏటవాలు గీతలొచ్చే ట్విల్ నేతల్లో ఒకదానికి, 1100, 0110, 0011, 1001 అని నాలుగు. 2,760 పోగులూ ఆ నాలుగింటిలోనే సర్దుకుంటాయి, ఒక్కో ఫ్రేముకు 690. ఆ నాలుగింటినే 1, 2, 3, 4, మళ్లీ 3, 2 అని వెనక్కి నడిపించారంటే గీతలు గవాక్షాల్లా, వజ్రాల్లా విరుగుతాయి. బొమ్మ రెట్టింపు అందంగా కనిపిస్తుంది, ఫ్రేములు మాత్రం నాలుగే. అద్దంలో చూసుకున్నట్టుండే డిజైన్ చవక. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మామ కథలో పనికొస్తుంది.

ఫ్రేముల్ని ఏ పిక్కుకు ఏవి లేపాలో చెప్పేది డాబీ. సాంచ పక్కన పైభాగంలో ఉంటుంది. చెక్కపట్టీల గొలుసు, పట్టీల మీద రంధ్రాలు, రంధ్రాల్లో చిన్న పెగ్గులు. పెగ్గు ఉంటే ఆ ఫ్రేము లేస్తుంది, లేకపోతే లేదు. మామ డాబీలో ఒక్కో పట్టీకి రెండు పిక్కులు. డిజైన్ 48 పిక్కులకోసారి మళ్లీ మొదటికొస్తే 24 పట్టీల గొలుసు చుట్టూ తిరుగుతుంటుంది. నేను చిన్నప్పుడు దాన్ని చూసి ఏదో ఆటబొమ్మ అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అది నడుస్తున్న ఫర్ లూప్.

కంప్యూటర్‌కూ నేతకూ ఉన్న ఈ చుట్టరికం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఒక్క పేరాలో దాటేస్తాను. ఫ్రాన్స్‌లో లియాన్ ఊళ్లో 1725లోనే బసీల్ బూషోన్ అనే ఆయన రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టతో పోగుల్ని లేపాడు. 1804లో జోసెఫ్ మేరీ జకార్డ్ రంధ్రాల అట్టముక్కల దండతో పోగుల్ని దాదాపు విడివిడిగా లేపే యంత్రం చేశాడు. ఆ రంధ్రాల అట్టలే అటు తిరిగి ఇటు తిరిగి 1890లో హోలరిత్ చేతిలో అమెరికా జనాభా లెక్కలకు పనికొచ్చాయి. మనం ఫస్టియర్‌లో బట్టీపట్టిన పంచ్‌కార్డు అదే.

సిరిసిల్లకు మంచి రోజులూ ఉన్నాయి, చెడ్డ రోజులూ ఉన్నాయి. నేను పుట్టిన రోజుల్లో ఆ ఊరి పేరు పేపర్లో వస్తే చాలాసార్లు నేత కార్మికుల ఆత్మహత్యల వార్తగానే వచ్చేదని అమ్మ చెప్తుంది. భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలసపోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుదీ ఆ ఊరే. జీ20 లోగోను మగ్గం మీద నేసి పంపిన హరిప్రసాద్‌దీ ఆ ఊరే, 2022 నవంబర్‌లో ప్రధాని రేడియోలో ఆయన పేరు చెప్పారు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లతో సాంచాలు రాత్రీపగలూ నడిచాయి. మా మామ నాలుగు సాంచాలకు డాబీలు పెట్టించుకుంది ఆ ధైర్యంతోనే. ఆ ఆర్డర్లు ఆగాక డాబీలు మిగిలాయి. వాటికి తగ్గ పని ప్రైవేటు వ్యాపారుల దగ్గర వెతుక్కోవాలి.

దసరా సెలవుల్లో నేను పోయేసరికి అలాంటి పని ఒకటి వచ్చి ఉంది. చీర బాడీ నిండా చిన్న బుటా. నాలుగు సాంచాలకూ రెండు నెలల పని. కుదిరితే సాంచాల మీద ఉండే ఇద్దరు కార్మికులకూ పని. కుదరకపోతే ఆ ఆర్డరు జకార్డ్ ఉన్నవాళ్లకు పోతుంది, మామ మళ్లీ సాదా గుడ్డకు. జకార్డ్ మనమూ పెట్టించుకోవచ్చు కదా అన్నాను. అది సాంచ మీద నెత్తిన కూర్చునే యంత్రం, షెడ్డు కప్పు ఎత్తు లేపాలి. మామ పైకి చూసి ఊరుకున్నాడు. ఆ రేకులు వేసినప్పటి అప్పు ఇంకా తీరలేదు.

"అల్లుడా, గీ బుటా ఎన్ని ఫ్రేములకొస్తదో నీ లాప్‌టాప్‌ల జూసి చెప్పు. పదహారు దాటితే నా సాంచ మీద నడ్వది."

డిజైన్ గ్రాఫ్ కాగితం మీద ఉంది. 60 పోగుల వెడల్పు, 48 పిక్కుల ఎత్తు. పువ్వూ ఆకూ కలిపి 31 పోగుల మీద, మిగతా 29 పోగులు సాదా గ్రౌండ్. నేను గడులన్నీ టైపు చేసి ప్రోగ్రాం నడిపేసరికి అరగంట పట్టింది, నడవడానికి కన్నుమూసి తెరిచేంత సేపు. 33 అని వచ్చింది. మామకు చెప్పాను. ఆయన తలూపి చొక్కా జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. దాని మీద పెన్సిల్‌తో రాసుంది: 33. మీదికెళ్లి సరిచూసుకోవడానికే నన్నడిగిండు.

ఎట్ల లెక్కపెట్టినవ్ మామా అని అడిగితే చేసి చూపించాడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గ్రాఫ్ మీద స్కేలు అడ్డంగా పెట్టి మొదటి పిక్కు ఒక్కటే కనిపించేలా మిగతాదంతా మూసేశాడు. లేచిన పోగుల కింద ఎర్ర చుక్క, లేవని వాటి కింద నీలం చుక్క. రెండు గుంపులు. స్కేలు ఒక గడి జరిపాడు. ఎర్ర గుంపులో ఇప్పుడు లేచినవీ లేవనివీ వేరుపడ్డాయా? పడితే కొత్త రంగు. అలా ఒక్కో పిక్కు జరుపుతూ పోతుంటే గుంపులు చీలుతుంటాయి గానీ కలవవు. చివర్లో ఎన్ని రంగులుంటే అన్ని ఫ్రేములు. మన ట్రై చెట్టును వరుస తర్వాత వరుసగా కాకుండా అన్ని వరుసల్నీ కలిపి ఒక్కో మెట్టు దించడమన్నమాట. పుస్తకాల్లో దీనికి పార్టిషన్ రిఫైన్‌మెంట్ అని పేరుంది. మామ దాన్ని రంగులేయుడు అంటాడు.

దీంట్లో ఒక సుఖముంది. గుంపులు ఎన్నటికీ తగ్గవు కాబట్టి, పదిహేడో రంగు పెన్సిల్ ముట్టుకున్న నిమిషమే జవాబు తెలిసిపోతుంది: ఈ డిజైన్ మనకు కాదు. మొదటి డిజైన్ విషయంలో పంతొమ్మిదో పిక్కు దగ్గరే తెలిసిపోయిందట. మిగతా 29 పిక్కులు ఎందుకు లెక్కపెట్టావంటే, "ఎంత దాటిందో తెల్వాలె గద. ఒకటి దాటితే ఓ తీరు, ఇరవై దాటితే ఓ తీరు" అన్నాడు. నా ప్రోగ్రాం మాత్రం మొత్తం చదివి సెట్ సైజు చెప్పి ఊరుకుంది. దాన్ని అడిగింది అంతే మరి.

33 ఎందుకొచ్చిందంటే, బుటాలో ఆకు ఒకవైపుకు వంగి ఉంది. 31 పోగుల్లో ఏ రెండూ ఒకేలా లేవు, 31 రకాలు. గ్రౌండ్‌కు రెండు. మామ వ్యాపారికి ఫోన్ చేసి, "రెండు దిక్కులా ఆకు పెడితే ఇంకా నిండుగ ఉంటది సేటూ" అని ఒప్పించాడు. అసలు కారణం చెప్పలేదు. నడుమ పోగు ఒకటి, దానికి అటు పదిహేను, ఇటు పదిహేను, అద్దంలో బొమ్మలా. 31 కాస్తా 16 అయ్యింది. గ్రౌండ్‌తో కలిపి 18.

రెండు ఎక్కువ.

ఇక్కడి నుంచి ల్యాబ్ ప్రశ్న పనికిరాదు. ఎన్ని రకాలున్నాయన్నది తెలిసిపోయింది. ఇప్పుడు కావలసింది: ఏ రెండు జతల్ని కలిపేస్తే బొమ్మ చెడకుండా 16కు దిగుతుంది? రెండు వరుసలు ఎన్ని గడుల్లో తేడాగా ఉన్నాయో లెక్కపెట్టడం తేలికే, హామింగ్ దూరం అని కోడింగ్ థియరీలో చదువుకున్నాం. 18 రకాలకు 153 జతలు. తక్కువ దూరం ఉన్న జతల్ని పైనుంచి కిందికి రాసిచ్చాను. నడుమ పోగు నుంచి ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి పోగులకు 1 నుంచి 15 దాకా నెంబర్లు పెట్టుకున్నాం.

జాబితాలో మొదటిది, 15వ పోగు, గ్రౌండ్ పోగు. మూడే గడుల తేడా. అది ఆకు చివరి మొన. మామ ఒక్క క్షణం చూసి కొట్టేశాడు, అంటే ఒప్పుకున్నాడు. మొన పోతే ఆకు ఆకే. 17.

రెండోది, 4వ పోగు, 6వ పోగు. నాలుగు గడులు. మామ వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపాడు. "వీటిని కలిపితే గీ పోగు తొమ్మిది పిక్కుల మీద తేలుతది. ఆడివిల్ల గాజుకు తట్టుకుంటది, ఒక్కసారి కట్టంగనే పోగు లేస్తది." వరుసగా తొమ్మిది ఒకట్లు. బైనరీలో అది తొమ్మిది ఒకట్లే, గుడ్డ మీద అది ఎక్కడా కట్టుబడకుండా వేలాడే పోగు.

మూడోది, 14వ పోగు, రెండో గ్రౌండ్ పోగు. ఐదు గడులు. అదీ వద్దన్నాడు. మొన పోయాక ఇదీ పోతే ఆకు కోసినట్టు మొండిగా కనిపిస్తుంది.

నాలుగోది, 9, 11. ఆరు గడులు. పూరేకు లోపల, చుట్టూ నిండుగా ఉన్న చోట. "గిది చెయ్. కంటికి దొర్కది." 16.

ఆరు గడుల మార్పు ఐదు గడుల మార్పు కన్నా చిన్నదని ఏ హామింగ్ దూరం చెప్తుంది? ఏ గడి అంచున ఉంది, ఏ గడి లోపల ఉంది, ఏ గడి గాజుకు తగులుతుంది అన్న బరువులు ఆయన తలలో ఉన్నాయి. నేను ఆ బరువుల్ని ప్రోగ్రాంలో పెడదామని రెండు రోజులు కూర్చున్నాను. తేలే పోగుల నియమం పెట్టగలిగాను, ఆరు పిక్కులు దాటి తేలితే ఆ జత జాబితాలోకే రాదు. అంచూ లోపలా అన్నది మాత్రం ఇంకా అటూ ఇటూగానే ఉంది.

తర్వాత మామ అడిగింది ఇంకోటి. "మంచిగుంది గనీ, ఏ ఫ్రేముకు ఎన్ని కండ్లు?" ప్రతి ఫ్రేములో తీగల సంఖ్య ముందే సర్దుకోవాలి. అంటే ఎన్ని రకాలు అన్నది చాలదు, ఏ రకం ఎన్నిసార్లు అన్నది కావాలి. సెట్ కాదు, కౌంటర్. వెడల్పంతటా డిజైన్ 46 సార్లు వస్తుంది. నడుమ పోగు ఫ్రేముకు 46. మామూలు జతలు పన్నెండు ఫ్రేములు, ఒక్కోదానికి 92. కలిపేసిన 9, 11 ఫ్రేముకు 184. గ్రౌండ్ రెండింటిలో ఒకదానికి 690, ఆకు మొన కలిసిన రెండోదానికి 736. మొత్తం 2,760, సరిపోయింది. గ్రౌండ్ ఫ్రేముల్లో పోగులు కిక్కిరిసి రాసుకుంటాయని సాదా గుడ్డకు రెండు రకాలే అయినా నాలుగు ఫ్రేములు వాడటం మామూలు. మనకు ఆ వెసులుబాటు లేదు. "పాలిస్టర్ నున్నగుంటది, రెండిట్ల నడిపిస్త" అన్నాడు మామ.

పాలిస్టర్ అంటే గుర్తొచ్చింది. ఈ సంగతంతా రూమ్మేట్‌కు చెప్తే వాడు ముందు అడిగింది, "మా ఆదిలాబాద్ అంతా పత్తి పండిస్తుంటే మీరు ప్లాస్టిక్ నేస్తరేందిరా?" అని. వాడిది జన్నారం, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉన్నా వాడి దృష్టిలో ఆదిలాబాదే. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా అత్త చుట్టే బీడీలకు తునికాకు మాత్రం మీ అడవుల దిక్కు నుంచే వస్తుందిలే అని సర్దిచెప్పాను.

కానీ వాడు చెప్పిన ఇంకో మాట నన్ను వదల్లేదు. వాడి ఊరు 2012లో పులుల అభయారణ్యంగా మారిన కవ్వాల్‌కు ఆనుకుని ఉంటుంది. అక్కడ చెట్లకు కెమెరాలు కట్టి పులుల్ని లెక్కపెడతారు. చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపడతారు. ఒక్కో పులికి ఒక వరుస, ఒక్కో విడతకు ఒక గడి. కెమెరాకు చిక్కితే ఒకటి, లేకపోతే సున్నా. కర్ణాటకలో నాగరహొళె అడవుల్లో ఉల్లాస్ కారంత్ 1990ల్లో ఈ పద్ధతిని పులులకు వాడి చూపించారు. ఇదీ మన మాట్రిక్సే. అయితే ఇక్కడ రెండు వరుసలూ 0100 అని ఉంటే అవి రెండు పులులు, ఒకటి కాదు. యూనిక్ వరుసల్ని లెక్కపెట్టి పులుల సంఖ్య అని రాస్తే అడవిలో సగం పులుల్ని మనమే మాయం చేసినట్టు. అక్కడ కూడా ఏ రకం ఎన్నిసార్లు అన్నదే అసలు విషయం.

పైగా అక్కడ మాట్రిక్స్‌లోకి ఎన్నడూ రాని వరుస ఒకటుంది: అన్నీ సున్నాలది. ఒక్క కెమెరాకూ చిక్కని పులి. గణితమంతా ఆ కనబడని వరుస ఎన్నిసార్లు ఉండి ఉంటుందో ఊహించడానికే. సాంచ మీదైతే అన్నీ సున్నాల వరుస ఉండకూడదు. ఎన్నడూ లేవని పోగు గుడ్డలో కలవదు, వెనక దారంలా వేలాడుతుంది. మామకు ఈ పులుల ముచ్చట చెప్తే చాలాసేపు నవ్వాడు. "మరి కండ్లవడని పులికి కూడ లెక్క రాస్తరా?" అని రెండుసార్లు అడిగాడు.

ఫ్రేముల్లోకి పోగులెక్కించడం మొదలైంది. ఒకరు ఫ్రేముకు ఇటు, ఒకరు అటు కూర్చుని, ఒక్కో పోగు అందిస్తూ లాగుతూ, 2,760 సార్లు. గోడకు అంటించిన కాగితం మీద ఫ్రేముల వరుస క్రమం ఉంది, నేను ప్రింట్ తీయించినది కాదు, మామ చేత్తో రాసింది. ప్రింట్‌లో అంకెలు చిన్నగా ఉన్నాయట. ఒకసారి ఎక్కించాక తర్వాతి పడుగును పాత పోగులకే ముడేసి లాగుతారు కాబట్టి ఈ క్రమం నెలల తరబడి ఉంటుంది. అంటే వచ్చే డిజైన్ కూడా వీలైతే ఇదే క్రమంలో ఇమడాలి. ఎన్ని రకాలు, ఏది ఎన్నిసార్లు అన్న రెండింటికీ తోడు ఏ క్రమంలో అన్నది మూడోది. మా ల్యాబ్ ప్రశ్నను ఇంత పొడిగిస్తారని ప్రశ్న తయారుచేసినవాళ్లు అనుకుని ఉండరు.

నిజం చెప్పాలంటే మామ పనికి హాష్ అక్కర్లేదు. 2,760 వరుసలకు జతలు 38 లక్షలే, లాప్‌టాప్‌కు అన్నిటికన్నా మొద్దు పద్ధతైనా చాలు. ఇంకా నిజం చెప్పాలంటే లాప్‌టాప్ కూడా అక్కర్లేదు, రంగు పెన్సిళ్లుంటే చాలు. నా ప్రోగ్రాం వల్ల తేలికైంది జతల జాబితా ఒక్కటే. 153 జతల్ని పెన్సిల్‌తో పోల్చడానికి ఆయనకు ఓ రాత్రి పట్టేది, ఆ రాత్రి వ్యాపారి ఆగేవాడు కాదేమో. జాబితా ఇప్పుడు నా ఫోన్లోంచే వస్తుంది, ఫొటో తీసి పంపితే గడులుగా విడగొట్టే భాగం ఇంకా రాస్తున్నాను. గ్రాఫ్ కాగితం మడతలు పడితే సున్నా ఒకటవుతోంది.

ఆ బుటా చీరలు దీపావళి దాటాక కూడా నడిచాయి. మొన్న రాత్రి మామ వాట్సాప్‌లో కొత్త డిజైన్ పంపాడు. అంచు మీద ఏనుగుల వరుస. తొండాలెత్తుకుని ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, అన్నీ కుడివైపుకే చూస్తూ. కింద వాయిస్ మెసేజ్: "అల్లుడా, వీటిల సగం ఏనుగుల్ని ఎడమ దిక్కు తిప్పితే సేటు ఒప్పుకుంటడంటవా?"